గడియారం ఉన్న పని, గడియారం లేని పని

(చెన్నైలో పనిచేస్తున్న తెలుగు నర్సుల సమావేశంలో ఒక సీనియర్ నర్సింగ్ అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. డ్యూటీ ఉండి రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. నైట్ డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. మీరు వెనక గోడకు ఆనుకుని కూర్చోండమ్మా. కునుకు పడితే పడనివ్వండి, ఎవరూ ఏమీ అనుకోరు.

నాకు ఇచ్చిన అంశం నర్సు బాధ్యతలు, టైమ్ మేనేజ్‌మెంట్. కాగితం మీద రెండు అంశాలుగా రాసిచ్చారు. నా లెక్కలో రెండూ ఒకటే. ఏది నా పనో, ఏది కాదో తెలియకపోతే ఎంత టైము ఉన్నా చాలదు. సరే, అక్కడికి తర్వాత వస్తాను.

ముందు ఒక మాట అడుగుతాను. మార్నింగ్ డ్యూటీ ఏడు నుంచి రెండు. రెండున్నరలోపు వార్డులోంచి బయటపడేవాళ్ళు చేతులెత్తండి. ఎన్ని? అయిదు, ఆరు. మూడు దాటేవాళ్ళు? చూశారా, హాలు హాలంతా ఎత్తింది. ఇంతమందికీ పని చేతకాకనా? మీ చేతులు నెమ్మదా? కాదు. మీలో చాలామంది రెండు నిమిషాల్లో కాన్యులా, అదే సిరలోకి ఎక్కించే సన్నటి గొట్టం, పెట్టేవాళ్ళే. మరి ఎక్కడ పోతోంది టైము?

లెక్క వేద్దాం. ఏడు గంటలంటే 420 నిమిషాలు. వచ్చేటప్పుడు హ్యాండోవర్, అంటే పేషెంట్ల అప్పగింత, 20, వెళ్ళేటప్పుడు 20, టిఫినుకు 20 తీసేయండి. మిగిలింది 360. ఆరుగురు పేషెంట్లు ఉంటే మనిషికి 60 నిమిషాలు. అందులోనే వైటల్స్ (నాడి, బీపీ, ఊపిరి, జ్వరం చూడటం), మందులు, డ్రెస్సింగ్, డాక్టర్ రౌండ్స్, ఛార్టింగ్, బంధువులకు జవాబులు. పన్నెండు మంది ఉంటే? మనిషికి 30. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెప్పింది టీచింగ్ హాస్పిటల్లో ముగ్గురికి ఒక నర్సు, మామూలు హాస్పిటల్లో అయిదుగురికి ఒక నర్సు. సెలవుల కోసం మరో 30 శాతం మందిని అదనంగా పెట్టుకోవాలి. కాబట్టి పన్నెండు మందిని ఒక్కరికే అప్పగించిన చోట పని తెమలకపోతే అది మీ తప్పు కాదు. అది మనుషుల కొరత. ఆ కొరతను టైమ్ మేనేజ్‌మెంట్ క్లాసులతో పూడ్చలేరు. ఈ మాట మీ సూపరింటెండెంట్ల ముందు కూడా ఇలాగే చెప్తాను.

అయితే ఆరుగురే ఉన్నా మూడు దాటుతోందంటే కారణం వేరే. మనం పనులను బెడ్ నంబరు వరసలో చేస్తున్నాం. ఒకటో బెడ్, రెండో బెడ్, మూడో బెడ్. అలా కాదు. పనులు రెండు రకాలు. గడియారం ఉన్న పని, గడియారం లేని పని. పది గంటలు దాటితే పాడైపోయే పని ఒకటి. పదికి చేసినా పదకొండున్నరకు చేసినా ఒకే ఫలితం ఇచ్చే పని ఒకటి. డ్యూటీ ఎక్కిన మొదటి పది నిమిషాల్లో ఈ రెంటినీ విడదీయాలి.

ఎలా? ఒక ఏ4 కాగితం తీసుకోండి. అడ్డంగా బెడ్ నంబర్లు, నిలువుగా ఏడు నుంచి రెండు దాకా గంటలు. హ్యాండోవర్ తీసుకుంటూనే గడియారం ఉన్న పనులు ఎర్ర పెన్నుతో ఆ గంట గడిలో పెట్టండి. మిగతావి నీలంతో పక్కన. అంతే. అందులో పేషెంటు పేరు రాయకండి, బెడ్ నంబరు చాలు. డ్యూటీ అయ్యాక చింపి పారేయండి, బ్యాగులో ఇంటికి పోకూడదు.

ఎరుపులో ఏమేం రావాలి? ఇది కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే తప్పులు జరిగేది ఇక్కడే.

ఇన్సులిన్. రెగ్యులర్ ఇన్సులిన్ అయితే తిండికి అరగంట ముందు. త్వరగా పనిచేసే రకం, అంటే లిస్‌ప్రో, ఆస్పార్ట్ లాంటివి అయితే 15 నిమిషాలలోపు, కొన్నిసార్లు ట్రే ముందు పెట్టాకే. ఎక్కడ తప్పుతుంది? మనం ఏడున్నరకు షుగర్ చూసి ఇన్సులిన్ వేసేస్తాం. ఎనిమిదికి ఎవరో వచ్చి, అల్ట్రాసౌండ్ ఉంది, ఏమీ పెట్టొద్దు అంటారు. తొమ్మిదికి పేషెంటుకు చెమటలు, వణుకు. షుగర్ 70 కంటే దిగువ. అప్పుడు పరుగులు. మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి ఇవ్వడం, 15 నిమిషాలకు మళ్ళీ చూడటం, డాక్టర్‌కు ఫోను, ఇన్సిడెంట్ ఫారం. ఎంత పోయింది? ముప్పావుగంట పోయింది, పేషెంటుకు ప్రాణం మీదికొచ్చింది. సిరంజి తీసేముందు రెండు ప్రశ్నలు వేసుకుంటే ఇది లేదు: ఈ పూట స్కానుందా? ట్రే వచ్చిందా? పది సెకన్ల పని.

రక్తం. బ్లడ్ బ్యాంక్ ఫ్రిజ్ లోంచి సంచి బయటికి వచ్చాక అరగంటలోపు మొదలవ్వాలి, లేదా వెనక్కి వెళ్ళాలి. మొదలుపెట్టాక నాలుగు గంటల్లో అయిపోవాలి. మొదటి 15 నిమిషాలు మీరు బెడ్ పక్కనుంచి కదలకూడదు, రియాక్షన్ ఎక్కువగా అప్పుడే బయటపడుతుంది. మరి మనం చేసేదేమిటి? ముందు ఆయమ్మను సంచి కోసం పంపి, తర్వాత కాన్యులా చూస్తాం. చూస్తే 22 నంబరు, అంటే మరీ సన్నది, అదీ వాచిపోయి ఉంటుంది. కన్సెంట్, అంటే పేషెంటు ఒప్పుకోలు పత్రం, దాని మీద సంతకం లేదు. ఇవి సర్దేసరికి అరగంట దాటింది. క్రమం తిరగేయండి. కన్సెంట్, ఆర్డరు, 18 లేదా 20 నంబరు కాన్యులా, మొదటి వైటల్స్, నార్మల్ సెలైన్‌తో లైను. ఇవన్నీ సిద్ధమయ్యాకే సంచికి మనిషిని పంపండి. ఇంకొకటి. మధ్యాహ్నం ఒకటిన్నరకు సంచి తెప్పించకండి. మీ 15 నిమిషాలు, హ్యాండోవర్ 20 నిమిషాలు ఒకదానిమీద ఒకటి పడతాయి, ఆ రెంటిలో ఒకటి కచ్చితంగా చెడుతుంది. పేషెంటు నిలకడగా ఉంటే ఒంటి గంటలోపు మొదలుపెట్టండి, కాకపోతే ఈవినింగ్ వాళ్ళు వచ్చి కుదురుకున్నాక. రక్తం పోతున్న పేషెంటుకు ఈ లెక్కేమీ లేదు, తక్షణమే.

వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్. ఒక గ్రాము 200 మిల్లీలీటర్లలో కలిపి, గంటకు తక్కువ కాకుండా. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్ అయితే నిమిషానికి 67 చుక్కలు దాటకూడదు. తొందరపడి అరగంటలో పోనిస్తే ముఖం, మెడ, ఛాతీ ఎర్రబారుతాయి, దురద, బీపీ పడిపోవచ్చు. అంటే ఈ మందుకు గడియారం రెండు వైపులా ఉంది. ఎప్పుడు మొదలవ్వాలో ఉంది, ఎంతసేపు పట్టాలో కూడా ఉంది. అదే లైనులో తర్వాత వేరే యాంటీబయాటిక్ ఉంటే దాని టైము వాంకో పూర్తిగా అయిపోయాకే రాసుకోండి. పొటాషియం క్లోరైడ్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. పుష్, అంటే సిరంజితో నేరుగా, ఎన్నటికీ ఇవ్వకూడదు, చేతి సిరలో అయితే సాధారణంగా గంటకు 10 మిల్లీఈక్వివలెంట్లు దాటకూడదు. అయినా ఒకసారి చెప్తాను, ఎందుకంటే తొందరలో ఉన్న చేతికి అది గుర్తుండదు.

పార్కిన్సన్ పేషెంట్ల లీవోడోపా చాలామందికి తట్టదు. ఎనిమిది గంటల మాత్ర తొమ్మిదిన్నరకు ఇస్తే ఆ మనిషి బిగుసుకుపోతారు, మింగలేరు, లేవలేరు. అప్పుడు తినిపించడానికి, తిప్పడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయే సెప్టిక్ షాక్‌లో మొదటి యాంటీబయాటిక్ గంటలోపు. ఇలాంటి మందులు చెప్పిన టైముకు అరగంట అటూఇటూ లోపల పడాలి. రోజుకోసారి వేసే విటమిన్ మాత్రకు గంటో రెండు గంటలో అటూఇటూ అయినా నష్టం లేదు. ఎనిమిది గంటలకు ఆరుగురికీ మందులున్నాయని ఒకటో బెడ్ నుంచి విటమిన్ పంచుకుంటూ వెళ్తే, ఆరో బెడ్ లీవోడోపా ఎన్నింటికి పడుతుంది? మీరే చెప్పండి.

డ్రిప్ గురించి చిన్న మాట. 500 మిల్లీలీటర్లు గంటకు 125 చొప్పున అంటే నాలుగు గంటలు. తొమ్మిది ఇరవైకి పెట్టారా, ఆ క్షణమే కాగితంలో ఒకటి ఇరవై గడిలో ఎర్ర గుర్తు పెట్టేయండి. లేకపోతే ఏమవుతుంది? సీసా ఖాళీ అయి, రక్తం వెనక్కి ఎక్కి కాన్యులా మూసుకుపోతుంది. మళ్ళీ సూది, మళ్ళీ పావుగంట. పేషెంటుకు నొప్పి అదనం.

ఇప్పుడు మధ్యలో ఆపడం గురించి. 2010లో సిడ్నీలోని హాస్పిటళ్ళలో పరిశోధకురాలు జొహానా వెస్ట్‌బ్రూక్ బృందం 98 మంది నర్సులు మందులిస్తుంటే పక్కన నిలబడి గమనించింది. మందు ఇస్తుండగా మధ్యలో ఆపిన ప్రతిసారీ మందు తప్పులు 12.7 శాతం పెరిగాయి. ఫోను, బంధువు, డాక్టర్ పిలుపు, ఏదైనా సరే. అందుకే మందుల ట్రాలీ కదిలిన అరగంటా ఫోను మీ చేతిలో ఉండకూడదు. ఆ అరగంటకు ఫోను ఎవరు తీస్తారో ఇన్‌ఛార్జ్ సిస్టర్ పేరు పెట్టి చెప్పాలి. ‘ఎవరో ఒకరు తీయండి’ అంటే ఎవరూ తీయరు.

చెన్నైలో మనకు మరో ఆటంకం ఉంది, ఇది తెలుగు నర్సులకే ఉన్నది. నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేట, చిత్తూరు నుంచి పేషెంట్లు ఇక్కడికే వస్తారు కదా. అయిదో ఫ్లోర్ నుంచి కబురు: ‘తెలుగు సిస్టర్‌ని పంపండి, ఈ పెద్దాయన ఏం చెప్తున్నారో అర్థం కావట్లేదు.’ వెళ్తాం. వెళ్ళాలి కూడా. పరాయి ఊళ్ళో, పరాయి భాషలో, నొప్పితో పడుకున్న మనిషికి మన గొంతు వినిపిస్తే సగం భయం పోతుంది. కానీ రోజుకు నాలుగుసార్లు వెళ్తే మీ ఆరుగురినీ ఎవరు చూస్తారు? దీనికి మార్గముంది. ఒక పేజీ తయారుచేయండి. మనవాళ్ళు వాడే మాటలు తమిళ లిపిలో రాసి, ఎదురుగా తమిళ అర్థం. ‘కడుపు నొస్తా ఉంది’, ‘ఆయాసంగా ఉంది’, ‘ఎదలో మంట’, ‘తల తిప్పుతోంది’, ‘ఒంటేలు రాలేదు’, ‘వాంతి వచ్చేట్టుంది’. ముప్పై మాటలు చాలు. ప్రతి వార్డు డెస్కు మీదా అద్దం కింద పెట్టించండి. చిన్న కబుర్లన్నీ దాంతో తీరిపోతాయి. మీరు తప్పనిసరిగా వెళ్ళాల్సింది ఆపరేషన్ కన్సెంట్ లాంటి వాటికి. అక్కడ కూడా జాగ్రత్త. వివరించాల్సింది డాక్టర్, మీరు ఆ మాటను తెలుగులో చెప్పేవారు మాత్రమే. ‘ఏం భయం లేదు పెదనాన్నా, చిన్న ఆపరేషనే’ అని మీ తరఫున కలపకండి. ప్రేమతో అన్నదే, నాకు తెలుసు. కానీ ఆ మాట డాక్టర్ అనలేదు. కేస్ షీట్లో తర్జుమా చేసింది ఎవరో పేరు, టైము రాయండి.

ఇక్కడి నుంచే బాధ్యతల దగ్గరికి వస్తున్నాను. కేంద్ర ప్రభుత్వ హాస్పిటళ్ళలో 2016 నుంచి స్టాఫ్ నర్సును నర్సింగ్ ఆఫీసర్ అంటున్నారు. ప్రైవేటులో ఇంకా సిస్టరే. పేరు ఏదైనా, బెడ్ పక్కన నర్సు చేసేదాంట్లో ఇంకొకరికి ఇవ్వకూడనివి కొన్ని ఉన్నాయి. పేషెంటు పరిస్థితిని అంచనా వేయడం. ఇంజెక్షన్లు, రక్తం. ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చిన మనిషి మొదటి వైటల్స్. డాక్టర్‌కు కబురు చెప్పడం. ఇంటికెళ్ళేవాళ్ళకు మందులు ఎలా వాడాలో నేర్పడం. ఇవి మీవి. ఇన్‌ఛార్జ్ సిస్టర్ పని పేషెంట్లను పంచడం, వార్డుకు కావాల్సినవి తెప్పించే ఇండెంట్, రౌండ్స్‌లో నిలబడటం. ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు, క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్, వీళ్ళు మీకు సాయం. సందేహం వస్తే అరగంట తర్జనభర్జన పడకుండా వాళ్ళను అడగండి.

ఇవ్వగలిగినవి? పక్క పరుపు సర్దడం, శాంపిల్ ల్యాబుకు చేర్చడం, మింగడానికి ఇబ్బంది లేని మనిషికి తినిపించడం, యూరిన్ బ్యాగు ఖాళీ చేయడం. అయితే ఇచ్చే తీరు ఉంది. ‘ఆయమ్మా, పన్నెండో బెడ్ కొంచెం చూడండి’ అన్నామనుకోండి. ఏం చూడాలి? ఎప్పటికి చూడాలి? ఇలా చెప్పండి: ‘లక్ష్మమ్మా, పన్నెండో బెడ్ బ్యాగు పదింటికి ఖాళీ చేసి, ఎన్ని మిల్లీలీటర్లుందో నాకు చెప్పండి. ఎర్రగా ఉన్నా, వందకంటే తక్కువున్నా పారబోయకుండా నన్ను పిలవండి.’ ఎవరు, ఏమిటి, ఎప్పటికి, ఏముంటే పిలవాలి. నాలుగూ అందులో ఉన్నాయి. ఇచ్చిన పని అయిందో లేదో కనుక్కోవడం మళ్ళీ మీదే.

అలాగే మనది కాని పని మన నెత్తిమీదికి వచ్చేస్తుంది. ఫార్మసీ రిటర్నులు, ఇన్సూరెన్స్ కాగితాలు, బిల్లింగ్‌లో లెక్క తేడా. ఒక వారం పాటు డెస్కు దగ్గర కాగితం పెట్టి, అలాంటి పని పడ్డప్పుడల్లా గీత గీసి పక్కన నిమిషాలు రాయండి. వారం చివర అది ఇన్‌ఛార్జ్ చేతికి ఇవ్వండి. నోటితో చెప్పిన ఫిర్యాదు గాలికి పోతుంది. గీతల కాగితం చూపిస్తే, ‘ఈ వారం ఆరుగంటలు నర్సు బిల్లింగ్ కౌంటర్లో ఉంది’ అని చూపిస్తే, ఎవరైనా ఆగి చూస్తారు.

బెడ్ దగ్గరికి ఒక్కసారి వెళ్తే ఎన్ని పనులు? వైటల్స్‌కు వెళ్ళారు. చేయి చూసినప్పుడే కాన్యులా దగ్గర వాపు, సీసాలో ఎంత మిగిలింది, యూరిన్ బ్యాగు నేలకు తగులుతోందా, రెండు గంటలకోసారి తిప్పాల్సిన మనిషైతే ఆ తిప్పడం. వచ్చేముందు మూడు మాటలు అడగండి: నొప్పి ఉందా, బాత్రూముకు వెళ్ళాలా, నీళ్ళు అందుతున్నాయా? బెల్లు కొట్టేది ఎక్కువగా వీటికే. డ్రెస్సింగ్‌కు ముందు ట్రాలీ మీద అన్నీ ఉన్నాయా అని చూసుకోండి. ఒక్క మైక్రోపోర్ టేపు మర్చిపోతే గ్లవ్స్ తీయాలి, చేతులు రుద్దుకోవాలి, స్టోరుకు వెళ్ళాలి, మళ్ళీ రుద్దుకోవాలి, కొత్త గ్లవ్స్. చేతులు రుద్దుకోవడానికి 20 నుంచి 30 సెకన్లు, అది మాత్రం తగ్గించకండి. తగ్గించాల్సింది ఆ నడక.

తగ్గించకూడనిది ఇంకొకటి ఉంది. వైటల్స్ ఛార్టులు ఏ వార్డులోనైనా తీయండి. ఊపిరి రేటు గడిలో ఏముంటుంది? 20, 20, 20, 20. అవునా? నవ్వుతున్నారు, అంటే తెలుసు. ఆరుగురికి నిమిషం చొప్పున ఆరు నిమిషాలు మిగులుతాయని అలా రాసేస్తాం. పేషెంటు దిగజారడాన్ని వైటల్స్‌కు పాయింట్లు వేసి ముందే పట్టే న్యూస్ 2 స్కోరులో, ఊపిరి 12 నుంచి 20 దాకా సున్నా. 21 నుంచి 24 దాకా రెండు పాయింట్లు. 25, ఆ పైన మూడు. ఒక మనిషి తీసుకుందాం. ఊపిరి 24, ఆక్సిజన్ 94, జ్వరం 100.8, నాడి 108, బీపీ మామూలు, తెలివి బాగుంది. రెండు, ఒకటి, ఒకటి, ఒకటి. మొత్తం అయిదు. అయిదంటే డాక్టర్ వెంటనే చూడాలి, గంటకోసారి వైటల్స్. అదే మనిషికి లెక్కపెట్టకుండా 20 అని రాస్తే? మూడు. మూడంటే నాలుగు నుంచి ఆరు గంటలకోసారి చూస్తే చాలు. ఆ నిమిషం మిగుల్చుకుని మనం పోగొట్టింది నాలుగు గంటలు. మనిషి దిగజారుతున్నప్పుడు ముందుగా మారేవాటిలో ఊపిరి ఒకటి. పూర్తిగా నిమిషం లెక్కపెట్టండి. దయచేసి.

ఛార్టింగ్ చేసిన వెంటనే రాయండి. రెండింటికి కూర్చుని పొద్దున్నుంచి తాగిన నీళ్ళు గుర్తుచేసుకుని రాస్తే అది ఇన్‌టేక్ ఛార్ట్ కాదు. ముందే రాసిపెట్టడం అంతకంటే ప్రమాదం.

హ్యాండోవర్. ఇక్కడ చాలామందికి రైలు టైము ఉంటుంది, గుమ్మిడిపూండి వైపు వెళ్ళేవాళ్ళకు ఒక బండి తప్పితే ఇంటికి ఎంత ఆలస్యమో నాకు తెలుసు. అందుకే డెస్కు దగ్గర నిలబడి ‘అందరూ స్టేబుల్’ అని చెప్పి పరిగెడతారు. మనిషికి మూడు నిమిషాల చొప్పున ఆరుగురికి 18 నిమిషాలు. ఒకటి నలభైకి మొదలుపెడితే రెండింటికి అయిపోతుంది, ఈవినింగ్ వాళ్ళు ఇరవై నిమిషాలు ముందు రావడానికి ఒప్పుకుంటే చాలు. బెడ్ పక్కనే చెప్పండి, క్రమం తప్పకుండా: ఇప్పుడు ఏం జరుగుతోంది, వెనక కథేమిటి, నేను ఏమనుకుంటున్నాను, మీరు ఏం చేయాలి. ఎస్‌బార్ అంటాం కదా, అదే. ఇందాకటి మనిషినే తీసుకోండి.

‘పన్నెండో బెడ్. ఒకటిన్నర నుంచి ఊపిరి 24, స్కోరు అయిదు. నిన్న గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయింది, పన్నెండింటికి ఊపిరి 18 ఉండేది. ఛాతీలో ఇన్ఫెక్షన్ మొదలైందేమో అని నా అనుమానం. ఒకటీ నలభైకి డ్యూటీ డాక్టర్‌కు చెప్పాను, ఇంకా రాలేదు. రెండూ పదికి రాకపోతే మీరు మళ్ళీ ఫోన్ చేయాలి. గంటకోసారి వైటల్స్. రెండింటి యాంటీబయాటిక్ నేను ఇవ్వలేదు, మీరు ఇవ్వాలి.’

అరనిమిషం పట్టింది. చివరి వాక్యం విన్నారా? ‘నేను ఇవ్వలేదు.’ నోరు నొక్కుకుని ఆ మాట చెప్పకపోవడం వల్లే ఒక డోసు పూర్తిగా తప్పిపోతుంది, లేదా రెండుసార్లు పడుతుంది. చేయని పని చెప్తే ఎదుటి సిస్టర్ మొహం మాడ్చుకోవచ్చు. మాడ్చుకోనివ్వండి. మీరు తీసుకునే వైపు ఉన్నప్పుడు మాత్రం మాడ్చుకోకండి, అప్పుడే రేపు ఆమె మీకు నిజం చెప్తుంది.

నైట్ గురించి రెండు ముక్కలు. తెల్లవారుజామున మూడు నుంచి అయిదు దాకా తెలివి మందగిస్తుంది, ఎంత అనుభవమున్నా అంతే. ఆ వేళలో హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు), ఇన్సులిన్ డ్రిప్, పొటాషియం కలపాల్సివస్తే రెండో నర్సు విడిగా లెక్క వేయాలి. మీ లెక్క చూసి తలూపడం కాదు, ఆమె లెక్క ఆమె వేయాలి.

సరే. ఇప్పుడు వెనక వరస నుంచి కాగితాలు పంచుతున్నారు. ఒక్కొక్కరికీ ఒక ఖాళీ షీటు, ఆరుగురు పేషెంట్ల ఆర్డర్లున్న మరో పేజీ వస్తాయి. మార్నింగ్ డ్యూటీ. మూడో బెడ్‌కు రెగ్యులర్ ఇన్సులిన్, అదే మనిషికి తొమ్మిదింటికి అల్ట్రాసౌండ్ ఉంది, చూసుకోండి. పెన్ను ఇద్దరికొకటి చాలకపోతే చెప్పండి. ముందు ఎర్రవి మాత్రమే పెట్టండి. పది నిమిషాలు ఇస్తాను, తర్వాత ఒక్కో గడీ కలిసి చూద్దాం.